19,800 రూపాయల ఎక్స్‌టెండెడ్ వారంటీ గిట్టిందా? ఆరేళ్ల బిల్లులతో నా లెక్క

మాది నల్లగొండలో ఎరువులు, పురుగుమందుల దుకాణం. 2019 డిసెంబర్‌లో పెట్రోల్ కారు కొన్నాను. కంపెనీ పేరు, షోరూం పేరు రాయను. తోటి వ్యాపారులను అడిగి చూస్తే ఏ కంపెనీ కథైనా కాస్త అటూఇటూగా ఇలాగే ఉంది. వారానికి మూడు రోజులు మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ తిరుగుడు, నెలకు రెండుసార్లు హైదరాబాద్. మీటరు ఇప్పుడు 1,09,000 దగ్గర ఉంది. కంపెనీ ఇచ్చిన వారంటీ మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. దాని మీద డబ్బు కట్టి ఇంకో రెండేళ్లు పొడిగించుకున్నాను. ఆ ఐదేళ్లూ ఒక్క సర్వీసు కూడా బయట చేయించలేదు. కొత్తగా కారు కొన్నవాళ్లు దుకాణానికి వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు కాబట్టి, బిల్లులన్నీ ముందేసుకుని ఒకేసారి రాసేస్తున్నాను.

డెలివరీ రోజే ఈ వారంటీ అంటగట్టబోయారు. 14,500 అన్నారు. దాంతోపాటు టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్, సీటు కవర్లు, ఒక సెంటు డబ్బా. నేనూ డీలర్‌నే. యూరియా బస్తాతో పాటు రైతు అడగని సీసాను లింకు పెట్టి అమ్మమని పైనుంచి ఒత్తిడి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. రైతు మొహం చూడలేక బిల్లు పుస్తకంలోకి తల దించిన రోజులున్నాయి. అందుకే ఆ సేల్స్ అబ్బాయి మీద కోపం రాలేదు. కాకపోతే ఇదీ లింకు సరుకే అనుకుని, కోటింగులతో పాటు వారంటీని కూడా వద్దన్నాను. అక్కడ తప్పు చేశాను. మూడేళ్లు నిండడానికి నెల ముందు వెళ్లి అడిగితే అదే వారంటీ జీఎస్టీతో కలిపి 19,800 అయింది. పైగా బండిని లిఫ్ట్ మీద పెట్టి తనిఖీ చేశాకే ఇచ్చారు. మూడేళ్లు దాటాక వెళ్తే అసలు ఇచ్చేవాళ్లే కాదట.

కొనేముందు ఒకటి చూసుకోండి. ఆ కాగితం కారు కంపెనీ ఇస్తున్నదా, షోరూం వాళ్లు సొంతంగా ఇస్తున్నదా? రెంటినీ ఒకే పేరుతో అమ్ముతారు. జడ్చర్లలో ఉండే మా తోడల్లుడు రెండో రకం తీసుకున్నాడు, మూడు వేలు తక్కువని. ఏడాదిన్నరకు ఆ షోరూమే మూతపడింది. కాగితం పట్టుకుని వేరే షోరూంకు వెళ్తే, "ఇది మాది కాదు సార్" అని మర్యాదగానే తిప్పి ఇచ్చారు. నాది కంపెనీదే. అందుకే నల్లగొండలో కుదరని పని ఎల్బీనగర్ వైపు ఉన్న పెద్ద వర్క్‌షాప్‌లో చేయించుకోగలిగాను.

వారంటీ పుస్తకం మొత్తం చదివే ఓపిక ఎవరికీ ఉండదు, నాకూ లేదు. కానీ "వర్తించనివి" అన్న పేజీ మాత్రం చదవండి. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్లు, బల్బులు, రబ్బరు బుష్‌లు, ఫిల్టర్లు, ఆయిళ్లు ఇవేవీ రావు. టైర్లకు, బ్యాటరీకి వాటి కంపెనీల వారంటీ వేరే. వచ్చేవి ఇంజిన్, గేర్‌బాక్స్, స్టీరింగ్, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్, సెన్సర్లు, కంప్యూటర్ లాంటివి. అంటే వాడకంలో అరిగేవి మన ఖర్చు, ఉన్నట్టుండి చెడిపోయేవి వాళ్ల ఖర్చు. గొడవంతా ఏది అరిగింది, ఏది చెడింది అన్న దగ్గరే.

ఇక షోరూం సర్వీసు సంగతి. మొదటి మూడు సర్వీసులకు లేబర్ ఫ్రీ. రెండోది సరిగ్గా 2020 లాక్‌డౌన్‌లో పడి గడువు దాటింది, ఆ రోజుల్లో కంపెనీయే గడువు పొడిగించింది కాబట్టి ఇబ్బంది కాలేదు. నాలుగోదాని నుంచి అసలు ఆట మొదలైంది. ఉదయం తొమ్మిదికి బండి ఇస్తే పదిన్నరకు అడ్వైజర్ ఫోను. "సార్, ఇంజిన్ ఫ్లష్ చేద్దామా? థ్రాటిల్ బాడీ క్లీనింగ్? ఏసీ డిసిన్ఫెక్షన్?" అన్నింటికీ ఊ కొడితే బిల్లు నాలుగు వేలు పెరుగుతుంది. ఒకసారి ఊ కొట్టి 11,600 కట్టాను. ఆ తర్వాత ఒకటే మాట నేర్చుకున్నాను: "ఓనర్స్ మాన్యువల్‌లో ఈ కిలోమీటర్లకు ఇది చేయాలని రాసి ఉంటే చెయ్యి బాబూ." ఫ్లష్ మా మాన్యువల్‌లో ఎక్కడా లేదు. తర్వాతి బిల్లు 7,900.

ఇంకో ముచ్చట. మా బండిలో ఏసీ క్యాబిన్ ఫిల్టరు గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది. స్క్రూలు అక్కర్లేదు, రెండు పక్కలా నొక్కితే బాక్సు కిందికి వాలుతుంది. ఒక సర్వీసుకు ముందు ఆ ఫిల్టరు అంచున పెన్నుతో చిన్న చుక్క పెట్టాను. ఎరువుల దుకాణంలో స్టాకు బస్తాలకు పెట్టే అలవాటే. సాయంత్రం బిల్లులో క్యాబిన్ ఫిల్టరు 450 ఉంది. ఇంటికొచ్చి తీసి చూస్తే నా చుక్క నన్నే చూస్తోంది. మడతల మధ్య మిర్యాలగూడ రోడ్డు మీద ఎక్కిన వడ్ల పొట్టు కూడా అలాగే ఉంది. ఫోటో పంపితే మర్నాడు పొద్దున్నే దుకాణానికే మనిషిని పంపి కొత్తది వేశారు, సారీ చెప్పారు. ఆ మరుసటి రోజు "కంపెనీ నుంచి ఫోన్ వస్తది సార్, పదికి పది చెప్పండి" అని అడ్వైజర్ బతిమాలాడు. ఏడు చెప్పాను. అప్పటి నుంచి పాత సామాన్లు అడగకుండానే కవర్లో వేసి డిక్కీలో పెడుతున్నారు.

వారంటీ మొదట పనికొచ్చింది 2023 మే నెలలో. మన దగ్గర మే ఎండ సంగతి చెప్పక్కర్లేదు. బండి కదులుతుంటే చల్లగాలి, ఆగితే వేడిగాలి. ఏసీ గ్యాస్ తగ్గిందని నింపి 2,800 తీసుకున్నారు. నలభై రోజులకు మళ్లీ అదే. అప్పుడు గ్యాస్‌తో పాటు రంగు ఎక్కించి లైటు వేసి చూస్తే డాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్ లీకు. డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. లేబర్‌తో కలిపి 16,500 పని, వారంటీలో చేశారు. గ్యాస్‌కు మళ్లీ డబ్బడిగితే రెండు జాబ్ కార్డులూ (బండి ఇచ్చేటప్పుడు మన కంప్లైంటు, చేయాల్సిన పని రాసే కాగితాలు) పక్కపక్కన పెట్టి, "మొదటిసారే లీకు చూసి ఉంటే ఇది నా మీద పడేదా?" అన్నాను. రెండోసారి గ్యాస్ ఊరికే ఎక్కించారు. మొదటి 2,800 మాత్రం తిరిగి రాలేదు. విప్పి బిగించిన డాష్‌బోర్డు లోపల ఎక్కడో ఒక క్లిప్పు తప్పిపోయింది. గతుకు వచ్చినప్పుడల్లా కిటకిట.

అదే ఏడాది నవంబర్‌లో వరికోతలప్పుడు ఎలుకలు వైరింగ్ కొరికేశాయి. చేలల్లోంచి వెళ్లగొడితే వాటికి ఇంజిన్ మీద వెచ్చగా పడక దొరికినట్టుంది. ఎలుక కొరికితే వారంటీ రాదు, పుస్తకంలోనే ఉంది. ఇన్సూరెన్స్‌లో చేయించుకోవచ్చన్నారు. కానీ డిసెంబర్ రెన్యువల్‌కు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 నుంచి 45 శాతానికి ఎక్కబోతోంది, క్లెయిమ్ చేస్తే మొత్తం సున్నాకు వస్తుంది. 9,000 జేబులోంచే పెట్టుకున్నాను. ఇందులో షోరూంను అనడానికి ఏమీ లేదు.

అసలు చెప్పాల్సింది స్టీరింగ్ సంగతి. 2024 ఆగస్టులో ముందు ఎడమ పక్క నుంచి చిన్న చప్పుడు మొదలైంది. స్పీడు మీద వినపడదు. ఇరవైలో చిన్న గతుకుల మీద పోతేనే టక్, టక్. సర్వీసుకిచ్చినప్పుడు నోటితో చెప్పాను. "రోడ్లు అట్లున్నయి సార్" అన్నాడు అడ్వైజర్. బండి తిరిగొచ్చింది, చప్పుడూ తిరిగొచ్చింది. అక్టోబర్‌లో దేవరకొండ రోడ్డులో మాకు పాత పరిచయమున్న షెడ్డు భాయ్ దగ్గర ఆపాను. జాకీ ఎక్కించి, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని అటూఇటూ ఊపాడు. తర్వాత నా చెయ్యి లాగి స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను తిప్పే భాగం) మీద పెట్టి మళ్లీ ఊపాడు. వేళ్లకు తగిలింది ఆ టక్.

"లింక్ రాడ్డు కాదు సేటూ, రాకే పోయింది. వారంటీ ఉన్నదా?"

"డిసెంబర్ దాకా ఉంది."

"ఉంటే నేను చెయ్యి పెట్టను. మొదలు కంపెనోళ్లకు చూపెట్టు. నోటితోని చెప్పుడు కాదు, కార్డుల రాపియ్యి."

ఇంటికొచ్చి ఆగస్టు జాబ్ కార్డు తీసి చూశాను. కస్టమర్ కంప్లైంట్ అన్న చోట "జనరల్ చెకప్" అని ఉంది. చప్పుడు మాటే లేదు. అంటే కంపెనీ లెక్కలో ఆగస్టులో నేను ఏమీ చెప్పనట్టే.

నవంబర్ 9న మళ్లీ వెళ్లి, అడ్వైజర్ పక్కన కూర్చుని, నా మాటల్లోనే రాయించాను: 20 స్పీడులో చిన్న గతుకుల మీద ఎడమ ముందు నుంచి టక్ టక్ శబ్దం, ఆగస్టు నుంచి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వర్క్‌షాప్ వెనక గల్లీలో నేనే నడిపాను. అతనికీ వినిపించింది. సాయంత్రానికి మాత్రం "నార్మలే సార్, తీసుకెళ్లండి" అన్నారు. తీసుకెళ్లాను, కానీ సంతకం పెట్టే చోట "శబ్దం తగ్గలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఫోటోతో కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేద్దామనుకున్నాను, ఆ అవసరం రాలేదు. పది రోజుల్లో కంపెనీ ఇంజినీర్ వచ్చి చూసి రాక్ మార్చాలన్నాడు. పార్టు వచ్చేసరికి డిసెంబర్ మూడో వారం. అప్పటికి నా వారంటీ గడువు అయిపోయింది. అయినా జాబ్ కార్డు తేదీ నవంబర్ 9 కాబట్టి 41,000 పని ఎల్బీనగర్‌లో ఉచితంగా చేశారు. వీల్ అలైన్‌మెంట్‌కు 850 తీసుకున్నారు, అంతే. కార్డులో ఆ ఒక్క లైను లేకపోతే 41,000 నేనే కట్టేవాణ్ని.

ఇప్పుడు లెక్క. చాలామంది వారంటీకి కట్టిన డబ్బే చూస్తారు. దాన్ని నిలబెట్టుకోవడానికి షోరూంలోనే సర్వీసు చేయించడమూ ఖర్చే. ఆ రెండేళ్లలో నాలుగు సర్వీసులకు 11,600, 7,900, 13,200, 8,400, మొత్తం 41,100 కట్టాను. అవే పనులు భాయ్ షెడ్డులో ఒరిజినల్ ఆయిల్, ఫిల్టర్లతో 19,000 దాటవు. తేడా 22,100. వారంటీ 19,800. అంటే ఈ వారంటీ నాకు పడింది 41,900కి. తిరిగొచ్చింది కాయిల్ 16,500, రాక్ 41,000, ఒక పవర్ విండో మోటారు 3,200, వెరసి 60,700. మిగులు 18,800. రాక్ పోకపోయి ఉంటే 22 వేలు నష్టం. డెలివరీ రోజే 14,500కు తీసుకుని ఉంటే ఇంకో 5,300 మిగిలేది.

కాబట్టి ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లే తిరిగే మామూలు మాన్యువల్ గేర్ల కారుకు, మూడు నాలుగేళ్లలో అమ్మేసే ఉద్దేశం ఉంటే, నేనైతే తీసుకోను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు, టర్బో, పెద్ద టచ్ స్క్రీన్ ఉన్న బండిని ఐదారేళ్లు ఉంచుకుంటే తీసుకుంటాను, అదీ కంపెనీదే, మొదటి రోజే. ఇప్పుడొచ్చే బండ్లలో ఒక్క కంప్యూటర్ బాక్సు పోయినా వారంటీ డబ్బు వచ్చేసినట్టే.

మా దుకాణానికి వచ్చే ఒక వకీలు సాబు ఇంకో మాట చెప్పారు. 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందా అని చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లకు పైగా జరిమానా వేసినప్పుడు, బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేసే షరతు పెట్టొద్దని కూడా ఆదేశించింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి. వినడానికి బాగానే ఉంది. కానీ వానాకాలం సీజన్‌లో యూరియా లైను చూసుకోవాలా, కమిషన్ల చుట్టూ తిరగాలా? అందుకే గడువున్నన్నాళ్లు ఆయిల్ మార్పు కూడా షోరూంలోనే చేయించాను. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోయడం లాంటివి అసలే చేయనివ్వలేదు. మన జిల్లా నీళ్లు రేడియేటర్‌కు పడవని వేరే చెప్పాలా?

గడువు అయ్యాక బండి భాయ్ షెడ్డుకు మారింది. ఈ ఏడాదిలో రెండు సర్వీసులు, రెండూ కలిపి 9,300. షోరూం నుంచి ఇప్పటికీ నెలకోసారి ఫోను వస్తోంది, "సార్, మీ బండి సర్వీసు డ్యూ ఉంది" అని. జాబ్ కార్డులన్నీ ఒక ఫైల్లో పెట్టి గ్లవ్ బాక్స్‌లో ఉంచాను, అమ్మేటప్పుడు చూపించడానికి. డాష్‌బోర్డు కిటకిట పూర్తిగా పోలేదు. భాయ్ పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి సందులో దూర్చాడు. ఎడమ పక్క ఆగింది, కుడి పక్క ఇంకా ఉంది.