గూగుల్ ఎర్తా, కాంటూరు పటమా: అగ్నిపర్వత ద్వీపాలకు ఏది మేలు?

విజయవాడలో గ్రూప్స్‌కు సిద్ధమయ్యే విద్యార్థులకు భూగోళం చెప్పే నన్ను, అగ్నిపర్వత ద్వీపాల పాఠం వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే: వాటి ఎత్తుపల్లాలను తెరమీద చూడటానికి గూగుల్ ఎర్త్ మేలా, ఓపెన్‌టోపోమ్యాప్ వంటి కాంటూరు పటం (ఒకే ఎత్తున్న చోట్లను రేఖలతో కలిపి చూపే పటం) మేలా?

చూడగానే ఆకట్టుకునేది గూగుల్ ఎర్తే. ద్వీపాన్ని పక్కకు వంచి, చుట్టూ తిప్పి, అగ్నిబిలంలోకి తొంగి చూడవచ్చు. అయితే దాని కంప్యూటర్ వెర్షన్‌లో ఎత్తును మూడు రెట్ల వరకు పెంచి చూపే ఏర్పాటు ఉంది. అది మూడు మీద ఉండగా ఇంద్రకీలాద్రిని చూస్తే, రోజూ చూసే కొండే హిమాలయ శిఖరంలా నిక్కి కనిపిస్తుంది. తెలిసిన కొండ కాబట్టి నవ్వుకుంటాం. హవాయిలోని మౌనా లోవా విషయంలో ఆ తేడా పసిగట్టలేం. 4,169 మీటర్ల ఎత్తున్నా అది పలచని లావా పొరలుపొరలుగా పారి ఏర్పడిన, బోర్లించిన డాలు వంటి కొండ; నిటారుగా లేని, మెల్లగా ఎక్కే వాలే దాని లక్షణం.

నా మటుకు తేల్చవలసింది ఆ వాలే, దానిని ఉన్నదున్నట్టు చెప్పేది కాంటూరు పటమే. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపాన్ని తెరిచి చూడండి. ఎప్పుడో చల్లారిన 3,070 మీటర్ల పిటాన్ డె నేజ్ చుట్టూ మఫాట్, సిలావోస్, సలాజీ అనే మూడు పెద్ద గుంటలున్నాయి. వాటి గోడల దగ్గర రేఖలు ఒకదానిమీద ఒకటి పడ్డట్టు కిక్కిరిసి ఉంటాయి, అంటే అక్కడ వాలు నిటారు. మఫాట్‌కు నేటికీ రోడ్డు లేకపోవడానికి కారణం అక్కడే కనిపిస్తుంది. ఆగ్నేయాన ఇప్పటికీ లావా కక్కుతున్న పిటాన్ ద లా ఫూర్నేజ్ దగ్గర, తూర్పున సముద్రంవైపు తెరుచుకున్న గుర్రపు లాడం ఆకారపు కాల్డెరా (అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన పెద్ద గుంట) రేఖల్లోనే రూపు కడుతుంది.

ఈ పటానికీ ఒక లోపముంది. దాని ఎత్తులకు ఆధారం 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అంతరిక్ష షటిల్ రాడార్‌తో తీసిన కొలతలు. 2018 డిసెంబరులో కూలి, 338 మీటర్ల నుంచి సుమారు 110 మీటర్లకు తగ్గిన ఇండోనేషియా అగ్నిపర్వత ద్వీపం అనక్ క్రకటోవా ఆ కొలతల్లో ఇంకా నిలబడే ఉంటుంది.

ఎత్తును బట్టి రంగులు పూసే పటాలు తొలిచూపుకు చాలు. ఇస్రో పటాల వెబ్‌సైట్ భువన్‌లో ఉన్న, కార్టోశాట్-1 ఉపగ్రహం కొలిచిన ఎత్తులు మన దేశానివి కనుక అండమాన్ దాటితే ఉపయోగపడవు.

సముద్రపు అడుగు చూడాలంటే మాత్రం నేనూ గూగుల్ ఎర్తే తెరుస్తాను. అండమాన్‌లోని బ్యారెన్ ద్వీపం నీటిపైన 354 మీటర్లే. దాని మొదలు రెండు వేల మీటర్లకు పైగా లోతున ఉంది. కాంటూరు పటంలో ఆ లోతంతా ఒకటే నీలిరంగు.