మధ్యవర్తి లేని ఇంటి అమ్మకం: పత్రాలు మనమే రాసుకోవాలా, న్యాయవాదికి అప్పగించాలా?

మధ్యవర్తి లేకుండా ఇల్లు అమ్మేవారు పత్రాలన్నీ స్వయంగా సిద్ధం చేసుకోవచ్చు, లేదా ఆ పని వరకు న్యాయవాదికి అప్పగించవచ్చు.

పత్రాల సేకరణలో ఈ రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదు. యాజమాన్య హక్కు పత్రం, పన్ను రసీదులు, ఆమోదం పొందిన ప్లాను, తనఖా ఉంటే ఇంకా ఎంత బాకీ మిగిలిందో తెలిపే బ్యాంకు లేఖ యజమాని దగ్గరే ఉంటాయి, లేదా అడిగితే సంబంధిత కార్యాలయాలు ఇస్తాయి కనుక, వీటి కోసం న్యాయవాదికి రుసుము చెల్లించడం అనవసరమని నా అభిప్రాయం.

అసలు తేడా అమ్మకపు ఒప్పందం దగ్గర కనిపిస్తుంది. నమూనా పత్రంలో ఖాళీలు పూరించి సంతకాలు చేస్తే ఖర్చు తక్కువ, పని కూడా త్వరగా ముగుస్తుంది. అయితే కొనేవారికి రుణం మంజూరు కాకపోతే బయానా ఎవరికి చెందుతుంది, ఇంటికి బిగించిన ఫ్యాన్లు, అల్మారాల వంటి వాటిలో ఏవేవి ఇంటితో పాటు వెళతాయి, స్వాధీనం ఏ రోజున ఇవ్వాలి, గడువు దాటితే ఏం చేయాలి అన్న షరతులను నమూనాలు తరచూ అస్పష్టంగా వదిలేస్తాయి. తగవులు పుట్టేది అక్కడే. న్యాయవాది వీటిని ఆ అమ్మకానికి తగినట్లు రాస్తారు. కొనేవారి న్యాయవాదే మన మేలు కూడా చూస్తారనుకోవడం మాత్రం పొరపాటు.

చెమ్మ, పగుళ్లు వంటి తెలిసిన లోపాల వెల్లడి పత్రాన్ని ఎవరు రాసినా, అందులోని వాస్తవాలు చెప్పవలసింది యజమానే.

వారసత్వంగా వచ్చిన ఇల్లు, ఉమ్మడి యాజమాన్యం, విడాకుల వివాదం ఉన్నచోట నేను న్యాయవాదినే ఎంచుకుంటాను. యజమాని ఒక్కరే అయి, అప్పులేవీ లేకపోతే, ఒప్పందాన్ని స్వయంగా రాసుకుని సంతకానికి ముందు ఒక్కసారి న్యాయవాదికి చూపిస్తే సరిపోతుంది.