మూడు మామిడి సీజన్లుగా డీఎల్‌పీ వాడుతున్నాం: చిత్తూరు నుంచి ఒక సమీక్ష

మాది చిత్తూరులో చిన్న అకౌంట్స్ ఆఫీసు. మొత్తం తొమ్మిది మందిమి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు రైతుల పేమెంట్ లిస్టులు, కూలీల పీఎఫ్, లోడు కదిలేటప్పుడు ఈ-వే బిల్లులు మేమే చూస్తాం. తోతాపురి కోతలు మొదలయ్యాయంటే ఒక్కో ఎక్సెల్ ఫైల్‌లో మూడు నాలుగు వందల మంది రైతుల పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు వరసగా ఉంటాయి. కాయ తోలి డబ్బు కోసం ఎదురుచూసే మనిషి మమ్మల్ని నమ్మి చేతిలో పెట్టిన వివరాలవి. అందుకే మైక్రోసాఫ్ట్ 365లో ఉండే డీఎల్‌పీ, అంటే డేటా లాస్ ప్రివెన్షన్, మూడు సీజన్ల కిందట ఆన్ చేసుకున్నాం.

అది చేసే పని చెప్పడానికి తేలిక. ఆఫీసు నుంచి బయటికి పోయే మెయిల్‌ను, దానికి తగిలించిన ఫైల్‌ను చూస్తుంది. మనం చెప్పిన రకం నంబర్లు కనిపిస్తే హెచ్చరిస్తుంది, లేదా ఆపేస్తుంది. ఫైల్స్ ఆన్‌లైన్‌లో దాచుకునే వన్‌డ్రైవ్ నుంచి లింకు బయటివాళ్లకి ఇచ్చినా అంతే. ఆఫీసులో మనలో మనం పంపుకునే వాటి జోలికి రాకుండా పెట్టుకోవచ్చు.

కష్టమంతా ఆ నంబర్లను గుర్తు పట్టించడంలోనే ఉంది. మొదటి ఏడాది నేను సొంతంగా ఒక రూల్ రాశాను. పన్నెండు అంకెల నంబర్ బయటికి పోతుంటే ఆపెయ్, అంతే. యూఏఎన్, అంటే ఒక్కో కూలీకి పీఎఫ్‌లో ఇచ్చే నంబర్, అది కూడా పన్నెండు అంకెలే, ఈ-వే బిల్లు నంబరూ పన్నెండు అంకెలే అన్న సంగతి ఆ తొందరలో నాకు తట్టలేదు. ఒక రాత్రి చెన్నై హార్బర్‌కి పోవాల్సిన లోడు బిల్లు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి మెయిల్‌లో చేరలేదు. డ్రైవర్ నుంచి ఫోన్: "ఏం మేడం, బండి గేటు కాడే నిలబడింది, బిల్లు రాలేదంట." నాకు చెమటలు పట్టాయి. అప్పటికప్పుడు రూల్ తీసేసి బిల్లు పంపాను. ముందు కొన్నాళ్లు టెస్ట్ మోడ్‌లో నడిపి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. అందులో ఏదీ ఆగదు, ఏవేవి ఆగి ఉండేవో రిపోర్టు మాత్రం వస్తుంది. కొత్తగా పెట్టుకునేవాళ్లు దయచేసి ఈ మెట్టు దాటేయకండి.

తర్వాత డీఎల్‌పీలో ముందే ఉన్న ఆధార్ గుర్తింపుకి మారాం. ఆధార్ నంబర్ 0తో గానీ 1తో గానీ మొదలవదు. చివరి అంకె ముందున్న పదకొండు అంకెల నుంచి వెర్హాఫ్ అనే లెక్క ప్రకారం వస్తుంది. డీఎల్‌పీలోని ఆ గుర్తింపు ఈ రెండూ సరిచూస్తుంది. మా కూలీల యూఏఎన్‌లన్నీ 10తో మొదలవుతాయి కాబట్టి ఆ గొడవ తీరింది. ఈ-వే బిల్లులతో మాత్రం పూర్తిగా తీరలేదు. ఏ పన్నెండు అంకెల నంబరైనా ఆ చివరి అంకె లెక్కకు పదింట ఒకసారి యాదృచ్ఛికంగా సరిపోతుంది. అందుకని నంబర్‌కి 300 అక్షరాల లోపు 'ఆధార్' అన్న మాట కూడా ఉంటేనే గట్టిగా నమ్మేలా పెట్టాం. కానీ మా ఎక్సెల్ షీట్లలో ఆ మాట పైన హెడ్డింగ్‌లో ఒక్కసారే ఉంటుంది, కింది వరసలకి అది దూరమైపోతుంది. చివరికి రెండు రూళ్లు చేశాం. మాట, నంబర్ దగ్గరగా ఉంటే ఒక్కటున్నా ఆపాలి. మాట దగ్గర్లో లేకపోయినా పది నంబర్లు దాటితే ఆపాలి, కారణం రాస్తే వదలాలి. ఆ కారణం నాకు మెయిల్‌లో వస్తుంది. బ్యాంకుకీ ఫ్యాక్టరీలకీ పోయే మెయిల్స్‌కి మినహాయింపు ఇచ్చాం.

హెచ్చరిక మాటలు మనమే రాసుకోవచ్చు. నేను తెలుగులో రాశాను: "ఇందులో ఆధార్ నంబర్లున్నాయి. మెయిల్ బయటికి పోతోంది. అడ్రస్ ఇంకోసారి చూడు." పోయిన జూలైలో మా కుర్రాడు ఫ్యాక్టరీకి లిస్టు పంపబోయాడు. అడ్రస్ మొదటి రెండక్షరాలు కొట్టగానే, ఎప్పుడో మానేసిన ఒక మండీ వ్యాపారి జీమెయిల్ పైకొచ్చింది. వాడు చూసుకోకుండా ఎంటర్ కొట్టాడు. మెయిల్ పైన ఆ తెలుగు పట్టీ కనపడింది. "మేడం, ఇది పోనంటా ఉంది, ఒకసారి చూడండి" అని పిలిచాడు. వెళ్లి చూశాను. దామలచెరువు వైపు రైతులవి, 300 పైచిలుకు పేర్లు. నా మూడేళ్ల ఓపికకి ఫలితం అక్కడ దొరికింది. చెడు ఉద్దేశంతో చేసేవాళ్ల కంటే ఇలా హడావిడిలో పొరపాటు చేసేవాళ్లే ఏ ఆఫీసులోనైనా ఎక్కువ. వాళ్లను ఇది బాగా కాస్తుంది.

ఇది కాయలేనివీ ఉన్నాయి. సెల్‌ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే దీనికి తెలియదు. స్కాన్ చేసిన ఆధార్ కార్డు బొమ్మను చదవాలంటే ఓసీఆర్ విడిగా పెట్టుకోవాలి, దానికి ఖర్చు వేరు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ లోపల ఏముందో చూడలేదు కాబట్టి, అలాంటి ఫైల్ బ్యాంకుకి తప్ప ఎవరికీ పోకుండా ఇంకో రూల్ రాశాం. మేము తీసుకున్న బిజినెస్ ప్రీమియం ప్లాన్‌లో మెయిల్, వన్‌డ్రైవ్, ఆఫీసు ఫైల్స్ అందరూ కలిసి వాడుకునే షేర్‌పాయింట్ వరకే కాపలా. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం, ప్రింట్ తీయడం ఆపాలంటే ఇంకా ఎక్కువ డబ్బు కట్టాలి. మా స్థాయికి అది భారమే.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. మా ఓనర్ సార్ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నది ఆ అంకె విన్నాకే. నన్ను అడిగితే, ఆ చట్టం రాకపోయినా పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు కార్డు కాపీ ఇచ్చే రైతుల దగ్గర చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడుగుతున్నాం. పూర్తి నంబర్ అవసరం లేని చోట అది చాలు. బంగారుపాళెం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకి అది ఎట్లా తీయాలో తెలియకపోతే, మా కుర్రాడే పక్కన కూర్చుని, ఆయన ఫోన్‌కి వచ్చిన ఓటీపీ ఆయన చేతే కొట్టించి, డౌన్‌లోడ్ చేసిచ్చాడు. జూలైలో మెయిల్ ఆగింది చూడండి, ఆ కుర్రాడే.