మోకాలి చిప్ప కింది కొవ్వు: తీసేయాలా, ఉంచాలా?

టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగ్‌లో ఏళ్లతరబడి నేలమీద కూర్చుని పనిచేసిన ఆడవాళ్లు మోకాలి మార్పిడికి ఒంగోలుకో నెల్లూరుకో వెళ్తుంటారు. ఆపరేషన్‌లో సర్జన్ తేల్చుకునే ఒక విషయం మాత్రం ఇంటివాళ్ల దాకా రాదు. చిప్ప కింద, చిప్పను కాలి ఎముకకు కలిపే పట్టీలాంటి స్నాయువు వెనుక ఉండే కొవ్వు మెత్తను ఏం చేయాలి? 1904లో దీని వాపును వివరించిన జర్మన్ సర్జన్ హోఫా పేరుతోనే దీన్ని పిలుస్తారు.

తీసేస్తే లోపల బాగా కనబడుతుంది, పరికరాలు అమర్చడం సులువు. అంతకంటే బలమైన వాదన ఇంకోటుంది. ఆర్థరైటిస్ వచ్చిన మోకాల్లో ఈ కొవ్వు ఊరకే ఉండదు. ఇంటర్‌ల్యూకిన్-6, లెప్టిన్ లాంటి రసాయనాలు వదులుతుంది. అవి కీలు లోపలి పొరలో వాపు పెంచి, ఎముకల చివర్లను కప్పే మృదులాస్థిని కరిగించే ఎంజైములకు ఊతమిస్తాయి. పైగా నొప్పి తెలిపే నరాలు ఇందులో దండిగా ఉన్నాయి. మెట్లు దిగేటప్పుడు చిప్ప కింద పొడిచే నొప్పిలో దీని వాటా ఉండొచ్చు.

ఉంచితే కుదుపులు కాస్త తగ్గుతాయి, స్నాయువుకు రక్తం అందే దారి మిగులుతుంది. పూర్తిగా తీసేస్తే స్నాయువు కురచ అవుతుందన్న భయం ఉంది. పరిశోధనలు మాత్రం ఒక్క మాట మీద లేవు.

నా ఓటు, అడ్డొచ్చినంత మేరకే తీయడానికి. (పొట్ట కరిగినంత తేలిగ్గా ఈ మెత్త కరగదు లెండి.) ఆపరేషన్ దాకా రానివాళ్లకు ఈ టెన్షనే అక్కర్లేదు. తొడ కండరాల వ్యాయామం చేసుకుంటూ బరువు తగ్గాలి. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది.