హంస పడవలో అరగంట: ఐదుకి మూడు మార్కులు

ఏ ఊరి చెరువో రాయడం లేదు. రాస్తే ముందు కౌంటర్లో కుర్రాడికే చీవాట్లు పడతాయి, అతని తప్పు పెద్దగా లేదు.

నేను ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువల మీద నీళ్లు చూసుకునే పనివాడిగా చేసి రిటైరయ్యాను. చేరిన కొత్తలో మా లాకుల్లోంచి ధాన్యం పడవలు ఇంకా వెళ్లేవి. అలాంటివాణ్ణి ఈ వయసులో టికెట్ కొని ప్లాస్టిక్ హంస ఎక్కానంటే అదంతా మనవరాలి పుణ్యం. మే నెల, ఆదివారం. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, గోదారి దాటి, కోటిపల్లి మీదుగా వెళ్లాం. కాలువలకి నీళ్లు ఆపేశారు, మా లాకు కింద బురదలో పిల్లలు చేపలు దేవుకుంటున్నారు. చెరువులో మాత్రం నీళ్లెక్కడుంటాయిలే అనుకున్నాను. నిండుగా ఉంది. కాలువకి నీళ్లు ఆపకముందే నింపేశారట.

ఇద్దరికీ కలిపి అరగంటకి 120 రూపాయలు. నాలుగింటికే వెళ్లడం మా పొరపాటు. సీటు పెనంలా కాలిపోతోంది. తువ్వాలు చెరువులో ముంచి పరిస్తే గానీ పిల్ల కూర్చోలేదు.

లైఫ్ జాకెట్ వేసుకోందే ఎక్కనివ్వలేదు, అది నచ్చింది. 2019లో గోదారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన దగ్గర్నుంచి నాకు అదే భయం. కానీ పిల్లకిచ్చిన జాకెట్‌కి క్లిప్పు విరిగిపోతే పురికొస కట్టి ఉంచారు. మార్చమన్నాను. రెండోది పెద్దవాళ్ల సైజు, మూడోది సరిపోయింది. మీరూ మొహమాటపడకుండా అడగండి.

ఇక పడవ. నా వైపు పెడల్ జారిపోతోంది. నేను తొక్కినా మానినా ఒకటే, బండి లాగుతున్నది తొమ్మిదేళ్ల పిల్ల! తిప్పడానికి మధ్యలో చిన్న ఇనపకర్ర. చుక్కాని అనుకుని తిప్పితే హంస తిన్నగా వెళ్లి గుర్రపుడెక్కలో దూరింది. ఒడ్డు మీదున్నవాళ్లంతా నవ్వారు, అందరికంటే గట్టిగా మా పిల్ల.

ఎలాగో అవతలి ఒడ్డుకి, నిద్రగన్నేరు చెట్టు నీడలోకి చేరాం. అక్కడ తొక్కడం మానేశాం. గాలికి హంస దానంతటదే మెల్లగా తిరుగుతోంది, అడుగున నీళ్లు టపటపమంటున్నాయి. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి నీళ్లలో పడి, చేపతో లేచింది. 120 రూపాయలూ అక్కడే గిట్టాయి.

"తాతయ్యా, ఇది కూడా గోదారి నీళ్లేనా?"

"ఆఁ. ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర కాలువలోకి మళ్లించింది ఇది. పొద్దున పంటు మీద దాటామే, అది కిందకి వదిలేసింది."

"అయితే రెండూ విడిపోయి ఇంత దూరం వచ్చాయా?"

జవాబు చెప్పేలోపే విజిల్. "ఆయ్, టైమైపోయిందండీ!"

అరగంట అంటే ఇంతే. ఎక్కడానికి, దారిలో పడడానికి పదిహేను నిమిషాలు పోతాయి. తీరిగ్గా కూర్చోవాలంటే ఐదు దాటాక వెళ్లి, రెండు టికెట్లు ఒకేసారి తీసుకోండి. పెడల్ మాత్రం ఒడ్డునుండగానే తొక్కి చూసుకోండి.

మేం తిరిగొచ్చేసరికి పది నిమిషాలు ఎక్కువైంది, ఎక్స్‌ట్రా నలభై ఇమ్మన్నాడు కుర్రాడు. "ముందు ఆ పెడల్ నువ్వోసారి తొక్కు బాబూ" అన్నాను. కూర్చుని తొక్కాడు. కాలు జారి మోకాలు కొట్టుకుంది. డబ్బులడగలేదు. గేటు బయట ముంజలు అమ్ముతుంటే అతనికీ నాలుగు ఇచ్చి వచ్చాం.