కడప – హైదరాబాద్ స్లీపర్‌లో నడుమ సీటుకని ఎక్కువ డబ్బు కడుతున్నారా? జాగ్రత్త

మొన్న మా అమ్మ నడుము నొప్పి చూపించడానికి కడప నుంచి హైదరాబాద్‌కు ఒక ప్రైవేటు ట్రావెల్స్‌లో రాత్రి స్లీపర్ బుక్ చేశాను. వెనక బెర్తులు వెయ్యి రూపాయలకే ఉన్నా, బస్సు నడుమ కింది సింగిల్ బెర్తు కావాలని పద్నాలుగు వందలు కట్టాను. బుకింగ్‌లో చూపించే సీట్ల బొమ్మలో నాలుగో నంబరు చక్కగా మధ్యలో కనిపించింది. నాకు పైన ఏదో ఒకటి చాలనుకుని దాని మీది బెర్తే తీసుకున్నా.

తీరా బండి వచ్చాక చూస్తే అది వేరే బస్సు. "మన బండి షెడ్డులో పడిందన్నా, దీన్ని వేసినారు. నీ నంబరు నీకుంది కదా" అన్నాడు క్లీనర్. నంబరు ఉంది, నిజమే. కాకపోతే ఈ బండిలో నంబరు స్టిక్కర్లు వేరే లెక్కలో అంటించారు. నాలుగు అంటే దాదాపు చిట్టచివర, వెనక చక్రం దాటాక, ఇంజను పక్కన! నేను గట్టిగా అడిగితే "యాడైతే ఏందన్నా, పడుకునేదానికే కదా" అని ముందుకు వెళ్లిపోయాడు.

మైదుకూరు దాటేలోపే అమ్మ మొదలుపెట్టింది. "విసుర్రాయి మీద పండబెట్టినావు గదరా నాయనా" అని. కింద ఇంజను గరగర, ఊరు వచ్చిన ప్రతిచోటా స్పీడ్ బ్రేకర్, ఎగరడం, పడటం. ఆళ్లగడ్డ దాకా నడుము పట్టుకుని కూర్చునే ఉంది. నంద్యాలలో బండి ఆగినప్పుడు మధ్య బెర్తులోని ఒక పిల్లోడు లేచి వచ్చి, "అవ్వా, నువ్వు పోయి నా చోట పడుకో" అన్నాడు. ఆ అబ్బాయి పుణ్యమా అని అమ్మ కర్నూలు వచ్చేసరికి నిద్రపోయింది. అదే బస్సు, అదే రోడ్డు, మారింది చోటు ఒక్కటే. నేను మాత్రం వెనక పైబెర్తులో హైదరాబాద్ దాకా ఊయల ఊగుతూనే ఉన్నా. పైబెర్తు ఎత్తులో ఉంటుంది కాబట్టి మలుపుల్లో ఊపు ఇంకా ఎక్కువ.

దీని వెనకాల పెద్ద రహస్యమేమీ లేదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యలో ఉన్న చోట కుదుపు తక్కువ. వెనక చక్రం దాటి బయటికి పొడుచుకొచ్చిన భాగం మాత్రం ఎగురుడు బల్ల కొసలా పైకీ కిందికీ ఆడుతుంది. రెండు చక్రాల మధ్య దూరంలో 60 శాతం దాకా వెనక పొడుగు ఉండొచ్చని వాహన నిబంధనలే ఒప్పుకుంటాయి. అంటే ఆ కొస చిన్నదేమీ కాదు. కుదుపును గాలి సంచులు ఆపే ఎయిర్ సస్పెన్షన్ బండిలో కాస్త నయం కానీ, ఇనుప పట్టీల కమాన్ కట్టల బండి అయితే నడుముకు లెక్క తేలిపోతుంది. కూర్చునే బస్సుల్లో ఆఖరి వరసకు ఇంకో తిప్పలు, చాలా వాటిలో ఆ సీట్లు వెనక్కి వాలవు.

మన చేతిలో ఉన్న బొమ్మలో చక్రం కనపడదు, ఇంజను కనపడదు. అందుకే డబ్బు కట్టేముందు ట్రావెల్స్ ఆఫీసుకు ఫోన్ చేసి, "వెనక చక్రం ఏ నంబరు కింద వస్తుంది?" అని అడగండి. బండి మారితే నంబరు ఇస్తారా, చోటు ఇస్తారా అని కూడా. ఎక్కగానే సామాను పెట్టకముందే చూసుకోండి, తేడా ఉంటే అక్కడే బెర్తునూ బస్సు నంబరునూ ఫొటో తీయండి. నేను తీయలేదు. తర్వాత ఫోన్ చేస్తే "సీటు నంబరు ఇచ్చినాం కదా సార్" అని రెండు వందల కూపన్ పంపారు, అది మళ్లీ వాళ్ల బస్సుకే చెల్లుతుందట! ఫొటో ఉన్నవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు.

2025 అక్టోబర్‌లో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో స్లీపర్ బస్సు కాలిపోయినప్పటి నుంచి మా ఇంట్లో బస్సు ఎక్కగానే ఎమర్జెన్సీ తలుపు, అద్దం పగలగొట్టే సుత్తి వెతకడం అలవాటైంది. ఆ రాత్రి సుత్తి ఉండాల్సిన చోట ఖాళీ కొక్కెం ఉంది. మెత్తటి పరుపు కంటే ముందు చూడాల్సింది అది.

పగటి ప్రయాణం చేసేవాళ్లకు ఒక చిన్న మాట. అనంతపురం నుంచి పొద్దున్నే బెంగళూరు వెళితే ఎండ ఎడమవైపు కొడుతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడూ ఎడమవైపే. కుడివైపు కిటికీ తీసుకోండి.

తిరుగు ప్రయాణంలో మేము ఆర్టీసీ సూపర్ లగ్జరీలో నాలుగో వరసలో కూర్చుని వచ్చాం. పడుకునే వీలు లేకపోయినా అమ్మ కర్నూలు దాకా కళ్లు తెరవలేదు.