రోమన్ హాలిడే: రోమ్‌లో ఒక్కరోజు

ఎండకు తిరుపతిలో బయటికి కదలలేని మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సినిమా. 1953లో వచ్చింది. నలుపు తెలుపు, 118 నిమిషాలు. రోమ్‌లోనే తీశారు కాబట్టి వీధులన్నీ అసలువే.

ముందు టీవీ సెట్టింగు చూసుకోండి. పాతకాలం ఫ్రేము వెడల్పు తక్కువ. బొమ్మను తెర నిండా సాగదీస్తే మొహాలు వెడల్పైపోతాయి, యువరాణిగా వేసిన ఆడ్రీ హెప్‌బర్న్ సన్నటి మెడ అందమంతా పోతుంది. అటూ ఇటూ నల్ల పట్టీలు ఉండనివ్వండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే మాటలు సులువుగానే అందుతాయి.

మొదట్లో కథ నిదానం. అయినా ఆ విందు సీను దాటేయొద్దు. అతిథులను పలకరిస్తూనే యువరాణి గౌను కింద చెప్పులోంచి పాదం తీసి రుద్దుకుంటుంది, ఇంతలో చెప్పు పక్కకు ఒరిగిపోతుంది. ఆమె ఎంత విసిగిపోయిందో ఆ పాదమే చెప్పేస్తుంది. అబద్ధమాడితే చెయ్యి కొరికేస్తుందనే రాతి ముఖం నోట్లో హీరో గ్రెగరీ పెక్ చెయ్యి పెట్టే చోట హెప్‌బర్న్ కేక కూడా నిజమే. అరచేతిని కోటు చేతి లోపలికి లాక్కుని దాచేస్తాడని ఆమెకు ముందు చెప్పలేదు.

యువరాణి మెట్ల మీద ఐస్‌క్రీం తినే సీను చూసి, అలిపిరి మెట్ల మీద అలుపు తీర్చుకున్నట్టు రోమ్‌లోని ఆ స్పానిష్ మెట్ల మీదా కూర్చోవచ్చనుకోకండి. 2019 నుంచి అక్కడ కూర్చుంటే జరిమానా.

ముగింపు మన సినిమాల లెక్కలో ఉండదు. నాకు అదే అన్నిటికంటే నచ్చింది.